బొమ్మ చాటు హెచ్చరిక

ఆ ఉదయం నేను చేసిందల్లా ఒక బొమ్మ తీసేయడం.

కొత్త తెర వచ్చింది. పాతది అడ్డంగా ఉండేది, ఇది నిలువుగా ఉంది. కంప్యూటరు బోర్డుకి కరెంటు ఇవ్వగానే ముందుగా కనిపించే లక్ష్మీదేవి బొమ్మ ఈ నిలువు తెరలో పట్టలేదు. రెండు పక్కలా ఉన్న ఏనుగులు సగానికి తెగిపోయి తొండాలు మాత్రం మిగిలాయి. తెగిన ఏనుగులతో అమ్మవారిని చూపించడానికి మనసొప్పలేదు. ఆ పూటకి బొమ్మ తీసేశాను. దాంతోపాటు ఎప్పుడో పెట్టిన ‘మాట్లాడకుండా మొదలవ్వు’ అనే సెట్టింగు కూడా తీసేసి, బోర్డు మళ్లీ ఆన్ చేశాను. బందరులో మా ఇంటి వసారాలో, పొద్దున్న తొమ్మిదింటికి.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పరిగెత్తాయి. రెండున్నర సెకన్ల దగ్గర ఒక గీత వచ్చింది. గీత కింద హెచ్చరిక. హెచ్చరిక కింద ఒక ఫైలు పేరు, లైను నంబరు. ఆ ఫైలు నాది. దాని కింద ఇంకొక్క లైను, తాళాల తనిఖీ ఇక్కడితో ఆపేస్తున్నాను అనే అర్థంతో. ఆ తర్వాత అక్షరాలు ఏమీ జరగనట్టే మళ్లీ పరుగందుకున్నాయి.

నేను మాత్రం కదల్లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమిటలా బిగుసుకుపోయారు, షాకు కొట్టిందా అని ప్లగ్గు వైపు చూసింది. కొట్టింది గాని ప్లగ్గులోంచి కాదు. ఎనిమిది నెలలుగా “తనిఖీలో ఒక్క లోపం కూడా రాలేదు” అని అందరికీ చెప్పుకుని తిరిగినవాణ్ణి నేను. బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ ఆ తనిఖీ రెండున్నర సెకన్లు మాత్రమే బతికిందని అప్పుడు తెలిసింది. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. ఎనిమిది రోజుల కిందట, నా ఆ మాట పట్టుకునే, ఒక అమ్మాయిని ఉద్యోగంలోంచి పంపేశారు.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి. చెబితే మా బంధువుల్లో ఎవరికీ అర్థం కాదు, అందుకని చెప్పడం నాకు బాగా అలవాటు. కంప్యూటరులో అన్నిటికంటే అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపేదాన్ని కెర్నెల్ అంటారు. అంటే గింజ. డెల్టాలో పుట్టి గింజ మీద బతకనివాడెవడు. నాది కాస్త పొట్టు ఎక్కువున్న గింజ, అంతే తేడా.

గుడివాడలో ఒక చిన్న కంపెనీ రొయ్యల చెరువులకి కంట్రోలు పెట్టెలు తయారుచేస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో సెన్సరుతో కొలిచి, తగ్గితే ఏరియేటర్లని, అంటే నీళ్లని చిలికి గాలి పట్టించే చక్రాల్ని, తిప్పే పెట్టె. అందులోని బోర్డుకి కెర్నెల్ సర్దినవాణ్ణి నేను. నేను బందరులో ఇంటినుంచే పనిచేస్తాను. దాని మీద సెన్సరునీ మోటార్లనీ నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, రాసింది ఒక పెడన అమ్మాయి. వాళ్లింట్లో కలంకారీ అద్దకం పని. ఎనిమిది నెలల కిందట చేరింది, మొదటి ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు రైల్లో గుడివాడ వెళ్లి వచ్చేది. నన్ను సర్ అనేది. నాకంటే బుర్ర ఎక్కువున్నవాళ్లు సర్ అంటే ఆ సుఖమే వేరు, దాన్ని నేను పూర్తిగా అనుభవించాను.

ఇప్పుడు ఆ తాళాల సంగతి. కోడూరులో ఉండే మా మేనత్తకి ఇలాగే చెప్పి సగం గెలిచాను, కాబట్టి మీకూ ఇలాగే చెబుతాను.

మీరు స్టోరు గదిలో ఉన్నారు. ఆ గది తాళంచెవి మీ దగ్గరుంది. వీధి గంట మోగింది. ఆ ఇంట్లో చట్టం ఏమిటంటే, గంట మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపేసి వెళ్లాలి. వచ్చిన మనిషి పని పూర్తయ్యేదాకా లోపలికి తిరిగి రాకూడదు. దీన్నే ఇంటరప్టు అంటారు. సరే, వెళ్లారు. ఆ వచ్చిన మనిషికి కావలసింది సరిగ్గా స్టోరు గది తాళంచెవే. గదిలో పని ముగిస్తేగాని మీరు చెవి వదలకూడదు. ఆయన పని అయితేగాని మీరు గదిలోకి వెళ్లకూడదు. ఇద్దరూ గుమ్మంలో అలా నిలబడిపోతారు. మనుషులైతే కాసేపటికి నవ్వుకుని ఏదో సర్దుకుంటారు. కంప్యూటరుకి నవ్వు రాదు. కరెంటు తీసేదాకా అలాగే నిలబడుతుంది.

అందుకని, గంటకి వచ్చేవాళ్లు కూడా వాడే తాళమైతే, దాన్ని తీసుకునే ముందు గంట స్విచ్చి ఆపాలి, పనయ్యాక మళ్లీ వేయాలి. ఎక్కడో ఒక చోట ఎవరో మరిచిపోతారు. మరిచినా నెలల తరబడి ఏమీ కాదు, ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలోనే గంట మోగాలి కదా. ఇలాంటి మరుపుని పట్టుకోవడానికి కెర్నెల్లోనే ఒక తనిఖీ ఉంటుంది. ఆఫీసులో దాన్ని చెకర్ అంటాం. చెకర్‌ది గుమాస్తా ఉద్యోగం. ఎవరు ఏ తాళం తీసుకున్నా, ఆ క్షణంలో గంట పనిచేస్తోందా ఆగి ఉందా అని రాసుకుంటాడు. ఒక తాళాన్ని గంటకి వచ్చినవాడు ఒకసారి తీసుకుని, ఇంకోసారి ఇంకెవరైనా గంట ఆపకుండా తీసుకుంటే చాలు, ప్రమాదం జరగకముందే కేకేస్తాడు.

అయితే ఆయన కుర్చీలోంచి ఊరికే లేవడు. స్విచ్చి ముట్టుకున్నవాళ్లే వెళ్లి ‘ఆపాను’, ‘వేశాను’ అని చెప్పాలి, ఆయన రాసుకుంటాడు. కెర్నెల్లో చాలా చోట్ల ఆ చెప్పడం దానంతటదే జరిగిపోతుంది. గుమ్మం దగ్గర మాత్రం, అంటే చిప్పు భాషలోనే రాయాల్సిన అట్టడుగు కోడులో, రాసేవాడు పని గట్టుకుని చెప్పాలి. అది రాసింది నేను. గంటకి వచ్చినవాణ్ణి సాగనంపాక, మిగిలిన చిల్లర పనులు చూసుకోవడానికి స్విచ్చి మళ్లీ వేసే చోటు ఒకటుంది. అక్కడ స్విచ్చి వేశాను. చెప్పడం మరిచాను.

చెకర్ అప్పుడప్పుడు తన పుస్తకాన్నీ అసలు స్విచ్చినీ పోల్చి చూసుకుంటాడు. పుస్తకంలో ఆగింది అని ఉండి, స్విచ్చి వేసి కనిపిస్తే ఆయనకి పౌరుషం వస్తుంది. ఇలాంటి పుస్తకం నమ్మి ఎవర్నీ తప్పుపట్టలేను అని ఒకే ఒక్క ఫిర్యాదు రాసిపెట్టి, కలం మూసేసి వెళ్లిపోతాడు. బోర్డుకి కరెంటు తీసి మళ్లీ ఇచ్చేదాకా రాడు. న్యాయమైన మనిషే. కాకపోతే కుర్చీ ఖాళీ అయిందని వెళ్తూ వెళ్తూ ఒక్కసారే చెబుతాడు. ఆ ఒక్కసారీ మేమందరం లక్ష్మీదేవిని చూస్తున్నాం.

ఆ బొమ్మ ఎలా వచ్చిందంటే, మొదటి పెట్టె బిగించింది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక రైతుగారి చెరువు మీద. మా వైపు కొత్త మోటారు వేసినా, కొత్త ట్రాక్టరు తోలినా పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టిగాని మొదలెట్టరు. ఆయన అన్నీ సిద్ధం చేసుకుని, ఇంటిల్లిపాదినీ గట్టు మీదికి తీసుకొచ్చి, నన్ను స్విచ్చి వేయమన్నారు. వేశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఆయన మొహం మాడిపోయింది. శుభమా అని మొదలెడుతుంటే ఏంటండీ ఈ అక్షరాలు, ఎవరినో తిడుతున్నట్టు, అన్నారు. షెడ్డులోకి వెళ్లి ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరు తెచ్చారు. పైన లక్ష్మీదేవి, కింద పురుగుమందు డబ్బా. అమ్మవారి వరకే తీసుకోండి, డబ్బా వద్దు అన్నారు.

నాకు తెగ నచ్చింది. ఫోనుతో ఫొటో తీసి, డబ్బా కత్తిరించి, బొమ్మని కెర్నెల్ మొదలయ్యే చోట పెట్టాను. బొమ్మ మీద అక్షరాలు పాకకుండా నోరు నొక్కే సెట్టింగు పెట్టాను. అది రైతుగారు అడగలేదు, నేనే పెట్టాను. అదే సెట్టింగుల ఫైలుని మిగతా పెట్టెలకీ, బందరులో మా వసారాలో ఉన్న పరీక్ష బోర్డుకీ యథాతథంగా కాపీ చేసుకున్నాను. బద్ధకానికి మా భాషలో ఏకరూపత అని పేరు.

కనబడని అక్షరాలు లోపల ఒక చోట నమోదవుతూనే ఉంటాయి. కాని అది పలక లాంటిది, నిండితే పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. మా డ్రైవరు ప్రతి కొలతా అందులో రాస్తుంది. నేను వారానికోసారి పలక చూసేవాణ్ణి. అప్పటికి మొదటి సెకన్ల రాతలు ఎప్పుడో చెరిగిపోయి ఉండేవి. చెకర్ ఏమీ అనలేదు అనుకునేవాణ్ణి. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా అర్ధం నేను కలిపి పూర్తి చేశాను.

కార్తీకంలో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురు వదల్లేదు. ఎండ లేకపోతే చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది. నాగాయలంక రైతుగారు జాగ్రత్తపడి, నిమిషానికోసారి కొలిచే సెన్సరుని సెకనుకోసారి కొలిచేలా పెట్టుకున్నారు. అయిదో రోజు పొద్దున్నే ఆఫీసుకి ఫోను చేశారు. ఒక చెరువులో రొయ్య మొత్తం తేలిపోయిందండీ అన్నారు. అంటే చచ్చి పైకి వచ్చిందని. పెట్టె బిగుసుకుపోయింది. తెర మీద ప్రాణవాయువు అంకె మాత్రం పచ్చరంగులో, బ్రహ్మాండంగా, ఎన్ని గంటల కిందటిదో అలాగే నిలబడి ఉంది. కాపలా మనిషి తెల్లవార్లూ ఆ పచ్చ అంకె చూసి నిశ్చింతగా కూర్చున్నాడు.

ఇలా బిగుసుకుపోతే పెట్టెని తట్టిలేపడానికి వాచ్‌డాగ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, వేళకి బిస్కెట్టు అందకపోతే మొరిగి లేపే కాపలా కుక్క లాంటిది. చిప్పులో రెండు కోర్లు, అంటే రెండు బుర్రలు. ఒకటి గుమ్మంలో ఇరుక్కుపోయినా, రెండోది కుక్కకి బిస్కెట్టు వేస్తూనే ఉంది. కుక్క ఎందుకు మొరుగుతుంది.

గుడివాడలో మా ఓనరుగారు మీటింగు పెట్టారు. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు, అయినా ఆయన నన్ను బావా అంటారు, నేను ఆయన్ని బావగారూ అంటాను. మోటార్లు అమ్మి పైకొచ్చిన మనిషి. నష్టపోయిన రైతుకి ఏదో ఒక పేరు చెప్పాలన్న తొందరలో ఉన్నారు. నన్ను అడిగారు. కెర్నెల్ ఎనిమిది నెలలుగా తనిఖీలో ఉంది, ఒక్క లోపం రాలేదు, ఈమధ్య మారింది డ్రైవరే అన్నాను. అబద్ధం కాదు. నాకు తెలిసినంతవరకూ నిజం. ఆ అమ్మాయి ఫైలు మూసి, “సర్, చెకర్ నా డ్రైవర్ని కూడా ఏమీ అనలేదు కదా,” అంది.

“చెకర్ పట్టుకోలేని తప్పులు కూడా ఉంటాయమ్మా,” అన్నాను.

ఒకే మౌనం. నా కోడుకైతే నిర్దోషి అని తీర్పు, ఆమె కోడుకైతే సాక్ష్యం చాలదని తీర్పు. అప్పుడు నాకు అందులో తేడా కనబడలేదు. సాయంత్రానికి ఆమెని రేపట్నుంచి రావద్దన్నారు. నేను బందరు బస్సెక్కి వచ్చేశాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఎనిమిది రోజుల తర్వాత వసారాలో ఆ గీత చూశాక, ముందుగా మరిచిపోయిన ఆ ఒక్క మాట, ‘వేశాను’ అని చెకర్‌కి చెప్పే లైను, రాసి పెట్టాను. బోర్డు ఆన్ చేశాను. రెండున్నర సెకన్లు దాటాయి. అయిదు దాటాయి. గీత రాలేదు. చెకర్ మొదటిసారి కుర్చీలో నిలిచాడు. సెన్సరు సెకనుకోసారి కొలిచేలా పెట్టి చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, కేకేశాడు. ఫలానా తాళం గంటకి వచ్చినవాడు తీసుకుంటున్నాడు, తెర మీద అంకె మార్చేవాడు అదే తాళం గంట ఆపకుండా తీసుకుంటున్నాడు, ఇద్దరూ ఒకరోజు గుమ్మంలో నిలబడిపోతారు. చెరువు మీద జరిగింది అక్షరాలా అదే.

ఆ తాళం ఆమె డ్రైవరులోది.

ఒక్క క్షణం, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఊపిరి పీల్చుకున్నాను. తప్పు ఆమెదే. ఆ ఊపిరి ఎక్కువసేపు నిలవలేదు. ఆ లైను ఎక్కడో చూసినట్టుంది. ఆఫీసు మెసేజీల్లో వెతికితే దొరికింది. ఆమె చేరిన రెండో నెలలో అదే లైను పెట్టి అడిగింది. ఈ తాళం సెన్సరు ఇంటరప్టులో కూడా వాడుతున్నాం కదా సర్, ఇక్కడ ఇంటరప్టు ఆపి తీసుకోవాలేమో అని. కింద నా జవాబు ఉంది. చెకర్ ఏమీ అనలేదుగా, అక్కర్లేదు, అనవసరంగా ఆపకు అని. పక్కన ఒక బొటనవేలి బొమ్మ కూడా పెట్టాను.

ఆ బొటనవేలిని ఎంతసేపు చూశానో తెలియదు. సరైన ప్రశ్న సరైన చోట అడిగింది. ఖాళీ కుర్చీని చూపించి, చూశావా, ఆయన ఏమీ అనలేదు అని నోరు మూయించింది నేను.

గుడివాడ రైలెక్కాను. దారిలో పెడన స్టేషన్లో బండి ఆగింది. దిగితే పది నిమిషాల్లో వాళ్లిల్లు. దిగలేదు. ముందు ఓనరుగారి దగ్గర విషయం తేల్చుకుని, చేతిలో ఏదైనా పట్టుకుని వెళ్దామని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కాళ్లు రాలేదు.

ఓనరుగారు అంతా విన్నారు. గంట, గుమ్మం, గుమాస్తా, అన్నీ ఓపిగ్గా విన్నారు. చివరికి, తాళం ఆ పిల్లదేగా బావా అన్నారు. తాళం ఆమెది, గంట ఆపొద్దన్నది నేను అన్నాను. ఆయన కాసేపు టేబులు మీది అద్దాన్ని తుడిచారు. ఇప్పుడు సరయిపోయిందిగా, కొత్త వెర్షను వచ్చిందని అన్ని పెట్టెలకీ పంపిద్దాం, పాతది తవ్వుకుంటే రైతులు హడలిపోతారు, ఆ పిల్లని కూడా ఒక నెలాగి ఏదో వంకతో పిలుద్దాం అన్నారు. చెడ్డ మనిషి కాదు. నన్ను కాపాడుతున్నానని అనుకుంటున్నారు. నాకూ ఒక నిమిషం అది మంచి సలహాలాగే వినిపించింది. అందుకే ఆలోచించడానికి వ్యవధి ఇచ్చుకోకుండా, అక్కడే ఆయన ముందే నాగాయలంకకి ఫోను చేసి స్పీకరు ఆన్ చేశాను.

రైతుగారికి చెప్పాను. తప్పు మొదలైంది నా దగ్గర అనీ, తనిఖీ పనిచేయడంలేదని నేను చూసుకోలేదనీ, ఆ అమ్మాయికి తప్పుడు సలహా ఇచ్చిందీ నేనేననీ. బొమ్మ సంగతి వచ్చేసరికి ఆయన ఆపారు. బొమ్మ నేను పెట్టమన్నాననా మీరనేది, అని అడిగారు. కాదండీ, మీరు బొమ్మ పెట్టమన్నారు, అక్షరాల నోరు నొక్కింది నేను అన్నాను.

“ఆ అమ్మాయి మొన్న ఇక్కడికొచ్చింది, తెలుసా మీకు,” అన్నారాయన.

తెలియదన్నాను.

“పెడన నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. చెరువు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నా వల్లే మీ రొయ్య పోయిందండీ, తప్పెక్కడో తెలియట్లేదు, తెలిస్తే చెప్పేదాన్ని అంది. మా ఆవిడ అన్నం పెట్టి పంపించింది. నాకు ఇప్పుడు చెప్పారు, బాగుంది. ముందు ఆ పిల్లకి చెప్పారా?”

లేదన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

ఓనరుగారు నా వైపు చూడలేదు. అద్దం తుడిచిన గుడ్డ మడతపెట్టి సొరుగులో పెట్టారు. నేను కిటికీ పక్క సీటులో కూర్చుని ఇంటికి వచ్చిన వారంలో, ఆ పిల్ల తనది కాని తప్పుకి, తెలియని తప్పుకి, కృష్ణ దిగువదాకా వెళ్లి క్షమాపణ చెప్పుకుని వచ్చింది. ఓనరుగారు నెమ్మదిగా, సోమవారం నుంచి రమ్మని చెప్పు బావా, నేను రమ్మన్నానని చెప్పు అన్నారు.

పెడనలో దిగేసరికి నాలుగయింది. వాళ్లింటి పెరట్లో పొడుగాటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, వాళ్ల నాన్నగారు చెక్క అచ్చుతో అద్దుతున్నారు. అమ్మాయి రెండో చివర గుడ్డ సర్ది పట్టుకుని నిలబడింది. నన్ను చూసి, రండి సర్ అంది, కంపెనీలో ఎలా అనేదో అలాగే. నాకు అది మరీ కష్టమయింది. గంట, గుమ్మం, గుమాస్తాతో సహా అంతా నిలబడే చెప్పేశాను. కూర్చుంటే మాట రాదని భయం.

ఆమె మొదట అడిగింది ఏమిటో తెలుసా. “ఎన్నో సెకనులో ఆగిపోయింది సర్?”

“రెండున్నర.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ.”

ఆమె వేళ్లు గుడ్డ అంచు మీద అలాగే ఉండిపోయాయి. వాళ్ల నాన్నగారు అచ్చు కిందకి దించబోతూ గాల్లోనే ఆపేశారు. ఆమె మొహం తెల్లబోయింది. నా మొహం పొద్దున్న అలాగే ఉండి ఉంటుంది.

“అంటే నేను చేరిన రోజు నుంచీ అక్కడ ఎవరూ లేరు,” అంది. “ఆ ప్రశ్న అడిగింది నాకు గుర్తుంది సర్. మీరు అక్కర్లేదన్నాక, నాకు ఇంటరప్టులు అర్థం కాలేదనుకున్నాను. ఈ ఎనిమిది రోజులూ కోడంతా వెతికాను గాని, ఆ లైను మాత్రం చూడలేదు. అది మీరు బాగుందన్న లైను.”

తప్పయిపోయిందమ్మా అన్నాను. తెలుగులో ఆ మాటకి ఒక సౌకర్యం ఉంది, తప్పు దానంతటదే అయిపోయినట్టుంటుంది. అందుకని మళ్లీ సరిచేసుకుని, తప్పు చేశాను అన్నాను. వాళ్ల నాన్నగారు అచ్చు పక్కన పెట్టి, కూర్చోండి మాస్టారూ అని స్టూలు జరిపారు. ఆయనకి ఎంత అర్థమయిందో తెలియదు. కూతురి తప్పు కాదన్నంతవరకూ అర్థమయినట్టుంది, లోపలికి చూసి టీ పెట్టమన్నారు.

సోమవారం రమ్మన్నారని చెప్పాను. గుడ్డకి క్లిప్పులు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

“నా కోడు మీరు చూస్తారు. మీ కోడు ఎవరు చూస్తారు సర్?”

ఎవరూ లేరన్నాను. మా కంపెనీలో చిప్పు భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని అదేదో బిరుదులాగా చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి.

“నేర్చుకుంటున్నాను. నాకు చూపిస్తానంటే వస్తాను,” అంది.

సరేనన్నాను. అయితే ఇప్పుడే చూపించండి, పొద్దున్న మీరు సరిచేసిందేదో, అంది. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఇచ్చాను. కాస్త ధీమాగానే ఇచ్చాను, ఒక్క లైనే కదా, గంటసేపు పరీక్ష చేసి మరీ వచ్చాను. ఆమె బల్ల చివర గుడ్డ లేని చోట పెట్టుకుని, నిలబడే చదివింది. నా ఒక్క లైను చదవడానికి చాలాసేపు పట్టింది. పైకి వెళ్లి, గంట ఆపే చోటు చదివింది. మళ్లీ కిందికొచ్చింది.

“సర్, ఇక్కడ మీరు ముందు స్విచ్చి వేసి, తర్వాత వేశానని చెబుతున్నారు.”

అవునన్నాను. వేశాకే కదా వేశానని చెప్పాలి.

“ఆ రెంటికీ మధ్యలో గంట మోగితే?”

స్విచ్చి వేసిన మరుక్షణం గంట మోగొచ్చు. నేను చెప్పే లోపే గుమ్మానికి పరిగెత్తాలి. అప్పుడు చెకర్ పుస్తకం చూస్తే ఆగింది అనే ఉంటుంది, స్విచ్చి మాత్రం వేసి ఉంటుంది. ఆయన మళ్లీ కలం మూసేసి వెళ్లిపోతాడు. గంటసేపు పరీక్షలో పడలేదంటే పడదని కాదు. ఏ పదో రోజునో ఏ ముసురులోనో పడుతుంది. అంతవరకూ నేను మళ్లీ, చెకర్ ఏమీ అనలేదు అని చెప్పుకు తిరిగేవాణ్ణి. పొద్దున్నుంచీ ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా, అదే గుంటలో, ఈసారి తెలిసి తెలిసి పడబోయాను.

“ఆపేటప్పుడు ముందు ఆపి, తర్వాత చెప్పాలి. వేసేటప్పుడు ముందు చెప్పి, తర్వాత వేయాలి,” అంది ఆమె, నాకు చెబుతున్నట్టు కాదు, తనకి తాను సరిచూసుకుంటున్నట్టు. “అప్పుడు ఎటు చూసినా గంట ఆగి ఉన్నప్పుడే పుస్తకం ముట్టుకున్నట్టవుతుంది. కదా సర్?”

అవునన్నాను. ఈ వృత్తిలో ఇరవై ఏళ్లకి పైనే అనుభవం ఉన్నవాణ్ణి నేను.

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. రెండు లైన్లూ తారుమారు చేశాను. ఆమె చదివి తలూపింది. ఆ తర్వాత తన డ్రైవరు తెరిచి, ఆ తాళం ఉన్న లైనులో గంట ఆపి తీసుకునేలా మార్చి, దాన్ని నాకు చూపించింది. మెసేజీలో నేను అక్కర్లేదన్న లైను. సరిగ్గా ఉందన్నాను. ఎందుకు సరిగ్గా ఉందో చెప్పండి సర్ అంది. చెప్పాను. స్టోరు గది, గంట, గుమ్మం వద్దు, తాళం పేరు పెట్టి చెప్పండి అంది. అలాగే చెప్పాను.

అప్పుడు నా ఫైలు మళ్లీ తెరిచి, మొట్టమొదటి లైనుకి వెళ్లింది. ఇదంతా చదవాలంటే ఇవాళ అవదేమో అన్నాను. సోమవారం లోపల చదువుతాను, ల్యాప్‌టాప్ ఉంచి వెళ్లండి అంది. వాళ్ల నాన్నగారు బల్ల మీద గుడ్డని ఒక మూర వెనక్కి జరిపి, ఆమె కూర్చోడానికి చోటు చేశారు.